కోతిపిల్ల, పిల్లికూన, బ్రేకు ప్యాడ్లు

కూర్మన్నపాలెంలో ఆదివారం పొద్దున్న ఏ వీధిలోకి వెళ్లినా ఒకటో రెండో కార్లు బానెట్ ఎత్తి కనిపిస్తాయి. మాది ఉక్కు ఫ్యాక్టరీ ఊరు. ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, క్రేన్ ఆపరేటర్లు ఇరుగుపొరుగునే ఉంటారు. కొందరు రిటైరైనవాళ్లు, కొందరు ఇంకా షిఫ్టులకు పోతున్నవాళ్లు. పానా పట్టడం తెలియని ఇల్లు తక్కువ. నేనూ వైర్ రాడ్ మిల్లులో మెకానికల్ మెయింటెనెన్స్ చేసి రిటైరైనవాడినే. అందుకని కారు పని మనమే చేసుకోవాలా, మెకానిక్‌కి ఇవ్వాలా అన్న ప్రశ్న మా దగ్గర ఇంకో రూపంలో వస్తుంది. పని రానివాడు మెకానిక్ దగ్గరికి పోతాడు, అందులో ఆలోచించాల్సిందేమీ లేదు. వచ్చినవాడు ఎందుకు పోవాలి?

మా అల్లుడికి దువ్వాడ సెజ్‌లో ఉద్యోగం. ఫోన్లో వీడియోలు చూసి, ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు తనే మార్చేస్తానన్నాడు. “మావయ్యా, మీరు పక్కన నిలబడితే చాలు, గంటలో అయిపోద్ది” అన్నాడు. వద్దన్నాను.

“మీకు రాదా?”

“వచ్చు.”

“మరి?”

ఆ ‘మరి’కి జవాబు వెతుక్కుంటూ పోతే అది పానాల పెట్టె దగ్గర ఆగలేదు. మనిషి ప్రయత్నం ఎంతవరకు, చెయ్యి ఎక్కడ వదలాలి అని మన పెద్దలు వందల ఏళ్లు వాదించుకున్న చోటికి తీసుకెళ్లింది. అల్లుడికి అప్పుడు రెండు ముక్కల్లో చెప్పింది ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను.

విశాఖలో కొత్త బండి కొంటే ముందు ఆశీల్‌మెట్టలో సంపత్ వినాయకుడి గుడికి తోలుకెళ్తారు. లేదంటే సింహాచలం, అప్పన్న దగ్గరికి. బానెట్ మీద పసుపు కుంకుమ, దండ, కొబ్బరికాయ, హారతి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. బండి కదిలి నిమ్మకాయలు చితికితే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లతో నేను కలవను. ఈ బండి క్షేమంగా ఇంటికి రావడం పూర్తిగా నా చేతుల్లో లేదని మనిషి నోరు తెరిచి ఒప్పుకునే సందర్భం అదొక్కటే. షోరూములో ఆ మాట ఎవరూ చెప్పరు. కానీ అదే మనిషి సాయంత్రం టైర్లలో గాలి చూసుకోకుండా హైవే ఎక్కితే, ఆ పూజలో సగమే చేసినట్టు.

శ్రీవైష్ణవంలో శరణాగతి గురించి రెండు దారులున్నాయి. 13, 14 శతాబ్దాల్లో పిళ్ళై లోకాచార్యులు ఒకవైపు, వేదాంత దేశికులు ఇంకోవైపు రాసిన గ్రంథాల మీద ఆ రెండూ నిలబడ్డాయి. వడగలై వారు కోతిపిల్లను చూపిస్తారు. తల్లి కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకుతుంటే పిల్ల తన చేతులతో తల్లి పొట్టను గట్టిగా కరుచుకుని ఉండాలి. మోసేది తల్లే, పట్టు మాత్రం పిల్లది. తెంగలై వారు పిల్లికూనను చూపిస్తారు. తల్లి నోట కరుచుకుని తీసుకుపోతుంది. కూన చెయ్యాల్సిందేమీ లేదు, గింజుకోకుండా ఉంటే చాలు. ఒకటి మర్కట కిశోర న్యాయం, రెండోది మార్జాల కిశోర న్యాయం. ఈ తేడా మీద ఇంత చర్చ ఎందుకని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. మిల్లులో కొన్నేళ్లు పని చేశాక అది నా రోజువారీ ప్రశ్నేనని అర్థమైంది.

మిల్లులో ఒక రోలింగ్ స్టాండు మీద పని చెయ్యాలంటే ముందు షట్‌డౌన్ తీసుకోవాలి. ఎలక్ట్రికల్ వాళ్లు సబ్‌స్టేషన్లో ఆ మోటారు సప్లయ్ తీసి, బోర్డు తగిలించి, పర్మిట్ మీద సంతకం పెట్టి ఇస్తారు. ఆ తీసినవాడు నాకు కనబడడు. ఏ షిఫ్టువాడో, రాత్రి నిద్ర పట్టిందో లేదో, ఇంట్లో ఏ గొడవలున్నాయో తెలియదు. వాడి సంతకాన్ని నమ్మి నా చెయ్యి రోళ్ల మధ్యలో పెట్టాలి. ఆ క్షణంలో నేను పిల్లికూనని. కానీ పర్మిట్ చేతికొచ్చాక, చెయ్యి పెట్టేముందు, అందరినీ పక్కకు జరగమని స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కించి చూస్తాం. మోటారు కదలకపోతేనే లోపలికి దిగుతాం. ఆ బటన్ నొక్కడం కోతిపిల్ల పట్టు. ఇవి రెండూ ఒకదాన్నొకటి కొట్టుకోవు. బటన్ నొక్కించానని ఎలక్ట్రీషియన్ ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. నొక్కకుండా దిగబోయిన కుర్రాడిని కాలరు పట్టుకుని వెనక్కి లాగినవాడూ ఆయనే.

ఇక్కడ నేను దేశికుల పక్షం. శరణు అనే ఆ ఒక్క పని భక్తుడు చెయ్యాల్సిందేనని ఆయన మాట. అది మోక్షానికి కట్టే వెల కాదు, దయ చూపడానికి దేవుడికి ఒక నెపం మాత్రమే, అయినా చెయ్యాలి. ఆ నెపం కూడా అడగని దయ గొప్పదని తెంగలై వారంటే నేను కాదనలేను. దేవుడి విషయంలో వాళ్లే నిజమేమో. మనుషుల విషయంలో మాత్రం, అప్పగించడం ఒక పని. ఆ పని సరిగ్గా చెయ్యకపోతే దాన్ని వదిలించుకోవడం అంటారు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసే లక్షల మందిని చూడండి. భారమంతా స్వామిదేనంటారు. అంటూనే రాత్రంతా నడుస్తారు, అరికాళ్లు బొబ్బలెక్కినా ఆగరు.

కారు దగ్గరికి వస్తాను. మొదలుపెట్టేముందు ‘నాకు వచ్చా?’ అని ప్రశ్నించుకుంటే మా ఊళ్లో ప్రతి మగాడూ వచ్చనే అంటాడు. అందుకే నేను అడిగే ప్రశ్న వేరు. ఈ పనిలో తప్పు జరిగితే అది ఎవరి మీద పడుతుంది?

బ్యాటరీ తీసుకోండి. అప్పికొండ వైపు నుంచి వచ్చే సముద్రపు గాలికి మా దగ్గర ఇనుప వస్తువు ఏదీ నిలవదు. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటుంది. పొద్దున్న సెల్ఫ్ కొడితే టిక్ టిక్‌మని ఊరుకుంటుంది. ముందు మైనస్ వైరు విప్పాలి, తర్వాత ప్లస్. ముందే ప్లస్ విప్పబోతే పానా రెండో కొస బాడీకి తగిలిందంటే షార్టయి నిప్పులు రాలతాయి. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే పొడి నురగలెత్తి కరిగిపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆరాక ముందు ప్లస్, చివర్న మైనస్ బిగించి, పైన కాస్త వాజలీన్ పూస్తే సరి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి, అందులో యాసిడ్ ఉంటుంది. ఈ పని పాడైతే కారు స్టార్ట్ కాదు. నా పని ఆలస్యమవుతుంది, అంతే. నష్టం నాది కాబట్టి పనీ నాదే. వైపర్ బ్లేడ్లు, ఎయిర్ ఫిల్టర్, బల్బులు, ఫ్యూజులు, కూలెంట్ మట్టం చూడ్డం, స్టెప్నీ మార్చడం, ఇవన్నీ ఈ కోవలోవే. వీటికి షెడ్డుకు పోవడం నా దృష్టిలో బద్ధకం. స్టెప్నీ మార్చడం రానివాడికి లైసెన్సు ఇవ్వకూడదని కూడా అంటాను, కోపం తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోనీండి.

బ్రేకుల సంగతి అలా కాదు. కూర్మన్నపాలెం జంక్షన్‌లో షిఫ్టు మారే వేళ నిలబడి చూస్తే తెలుస్తుంది. జాతీయ రహదారి మీద పోర్టు లారీలు, ట్రెయిలర్లు, వాటి సందుల్లోంచి సైకిళ్లు, మోటారు సైకిళ్లు, స్కూలు ఆటోలు. అక్కడ నా బ్రేకు పట్టకపోతే నష్టపోయేది నేను కాదు. నా ముందు సైకిల్ మీద టిఫిన్ క్యారేజీతో పోతున్న మనిషి. నా చేతి పనితనాన్ని ఆ మనిషి పరీక్షించలేదు, ఒప్పుకోనూ లేదు. ఆదివారం పూట సరదాగా నేను చేసే ప్రయోగానికి అతని ప్రాణం పణం పెట్టే హక్కు నాకెవరిచ్చారు?

అల్లుడు అన్నాడు, ప్యాడ్లు మార్చడంలో ఏముంది, రెండు బోల్టులేగా అని. బోల్టుల వరకు రెండే. కానీ కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి అవి పట్టాలంటే కాలిపర్‌లోని పిస్టన్‌ని వెనక్కి నొక్కాలి. అలా నొక్కాక పిస్టన్‌కీ ప్యాడ్‌కీ మధ్య ఖాళీ మిగులుతుంది. మొదటిసారి పెడల్ తొక్కితే ఏ పట్టూ లేకుండా నేల దాకా పోతుంది. కొన్నిసార్లు తొక్కి వదిలితే గానీ పిస్టన్ ముందుకొచ్చి పెడల్ గట్టిపడదు. వీడియోలో ఈ ముక్క చివర్న ఉంటుంది, చూసేవాడు అప్పటికే ఆపేసి ఉంటాడు. బ్రేకు ఆయిల్‌ది ఇంకో కథ. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టిన ఆయిల్‌కి ఆ ప్రమాణం 140 డిగ్రీలే. మామూలు రోజుల్లో తేడా తెలియదు. అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగుతూ మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతుంటే ఆయిల్ వేడెక్కి ఆవిరి పడుతుంది. ఆవిరి నలుగుతుంది కానీ ఒత్తిడిని ముందుకు పంపదు. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. మాది సముద్రపు తేమ ఊరు, పక్కనే ఘాట్ రోడ్డు. ఈ పని రోజూ చేసే చెయ్యి చెయ్యాలి.

ఎయిర్‌బ్యాగ్ జోలికైతే వెళ్లనే వద్దు. స్టీరింగ్ దగ్గర పసుపు తొడుగున్న వైర్లు కనిపిస్తే అక్కడితో ఆగాలి. రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో సంచి ఉబ్బించే మందు ఉంటుంది అందులో.

ఇంతవరకు ఎవరైనా ఒప్పుకుంటారు. ఇంజన్ ఆయిల్ దగ్గర మాత్రం నాతో మా వీధంతా తగువు పడుతుంది. ఆయిల్ మార్చడం నాకు కళ్లు మూసుకుని వచ్చు, మెకానిక్ కన్నా శుభ్రంగా చేస్తాను. అయినా ఇంట్లో చెయ్యను. కారణం కింద పట్టిన ఆ మూడు లీటర్ల నల్లటి పాత ఆయిల్. దాన్ని ఏం చేస్తారు? ఎక్కువమంది రాత్రిపూట కాలవలో పోస్తారు. కాలవ గెడ్డలో కలుస్తుంది, గెడ్డ సముద్రంలో కలుస్తుంది, వలేసుకునేవాళ్లు ఆ సముద్రం మీద బతుకుతారు. షెడ్డులోనైతే పాత ఆయిల్ కొనుక్కుపోయేవాళ్లు డ్రమ్ములతో వస్తారు. పనితనం చూస్తే అది నా పని, ఫలితం ఎక్కడ తేలుతుందో చూస్తే కాదు. నైపుణ్యాన్ని బట్టి గీత గీసేవాళ్లకు ఈ సంగతి ఎప్పటికీ కనబడదు.

మా వాకింగ్ బృందంలో ఒక పెద్దాయన భగవద్గీత మూడో అధ్యాయం ఎత్తుకున్నారు. ఎవరి ధర్మం వాళ్లు చేసుకోవాలి, మెకానిక్ పని మెకానిక్ కులానికే ఎరుక, నీకెందుకు అని. గీత మీద నాకు భక్తి ఉంది, ఈ అర్థం మీద లేదు. ఈ నేల మీద నిలబడి ఆ మాట అనకూడదు. ఫ్యాక్టరీకి భూములిచ్చిన ఊళ్ల రైతుబిడ్డలు నిర్వాసితుల కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగారు. దొరికినవాళ్లు ఫిట్టర్లయ్యారు, వెల్డర్లయ్యారు. దొరకనివాళ్లలో కొందరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని మెకానిక్‌లయ్యారు. నేను బండి ఇచ్చే మెకానిక్ తండ్రి నాగలి పట్టినవాడు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ ఈ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసినప్పుడు ఇక్కడివి పొలాలు, జీడితోటలు. పుట్టుకను బట్టి పని అంటే, ఇక్కడ ఉక్కు ఎవరు కరిగించాలి? స్వధర్మం అంటే ఒళ్లు వంచి నేర్చుకుని, దాని తప్పొప్పులకు పూచీ పడ్డ పని అని నేను చదువుకుంటాను. 18వ అధ్యాయం ప్రతి పనిలోనూ ఏదో ఒక దోషం ఉంటుందని ఒప్పుకుంటుంది. ఆ దోషం ఎక్కడుందో తెలిసినవాడిదే ఆ పని.

మా మెకానిక్‌కి ఇది ఏ అధ్యాయమూ చదవకుండా తెలుసు. ఒకసారి నేనక్కడ ఉండగా ఎవరో ఎలక్ట్రిక్ కారు తెచ్చారు, కింద ఏదో చప్పుడని. ఆయన వంగి చూశాడు. నారింజ రంగు తొడుగున్న లావాటి కేబుళ్లు కనబడగానే లేచి నిలబడ్డాడు. “ఇది నాకు రాదండీ, కంపెనీకి తోలుకెళ్లండి” అన్నాడు. ఆ వచ్చినాయన పైకం ఎక్కువిస్తానన్నా ఒప్పుకోలేదు. ఆ రంగు తొడుగంటే లోపల హై వోల్టేజీ అని అర్థం. రాదు అని కస్టమర్ ముందు చెప్పగలిగినవాడు, వచ్చు అన్నప్పుడు నమ్మవచ్చు. ఆ రోజు నుంచి నా బ్రేకులు ఆయనవే.

అయితే నమ్మి ఇచ్చాక నేను ఇంటికి పోయి పడుకోను. అదే 18వ అధ్యాయంలో ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కావాలని కృష్ణుడు చెబుతాడు. పని జరిగే చోటు, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. నేనే చేశాను అనుకునేవాడికి బుద్ధి చెప్పడానికి ఈ మాట ఎత్తుతారు. అవతలివాడికి అప్పగించినవాడికి కూడా ఇది వర్తిస్తుందని నా నమ్మకం. చేసేవాడు మెకానిక్ అయితే, చోటు, పనిముట్లు చూసే బాధ్యత నాకు లేదా? అందుకే అల్లుడి కారు తీసుకుని షెడ్డుకి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. అతన్నీ కూర్చోబెట్టాను. జాకీ మీద ఎత్తి వదిలెయ్యకుండా కింద స్టాండు పెట్టారు. పాత ప్యాడ్లు చేతికిచ్చారు, ఒకవైపు ఎక్కువ అరిగింది, దానికి కారణం పిన్ను బిగుసుకుపోవడమని చూపించి గ్రీజు పెట్టారు. అన్నీ బిగించాక మెకానిక్ సీట్లో కూర్చుని పెడల్ తొక్కడం మొదలుపెట్టాడు. మొదటిసారి మెత్తగా నేల దాకా పోయింది. అల్లుడి మొహం మారింది. మళ్లీ, మళ్లీ, పెడల్ గట్టిపడే దాకా. తర్వాత దిగి డబ్బాలో ఆయిల్ మట్టం చూసి, “బాబాయ్ గారూ, ముందు సందులో మెల్లగా కొట్టి చూడండి, తర్వాతే రోడ్డెక్కండి” అన్నాడు. మిల్లులో మా స్టార్ట్ బటన్ అదే.

ఇంకొక్క విషయం ఉంది, దీనికి గ్రంథాల్లో నాకు జవాబు దొరకలేదు. రెండు సందులవతల ఇంకో షెడ్డుంది. పని బాగుంటుంది, రేటు తక్కువ. అక్కడ కారు కిందికి దూరేది ఒక కుర్రాడు. పద్నాలుగేళ్లు కూడా ఉండవు చూస్తే. ఒళ్లు సన్నం కాబట్టి జాకీ కొద్దిగా ఎత్తితే సరిపోతుంది, స్టాండు పెట్టే శ్రమ ఉండదు. 2016లో చట్టం సవరించాక ఆ వయసు పిల్లల్ని, సొంత కుటుంబం పనికి బడి వేళల తర్వాత సాయం చెయ్యడం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఏ పనిలోనూ పెట్టకూడదు. నా చేతుల్లో ప్రమాదమని వదిలేసిన పని ఆ చేతుల్లో పడితే, నేను చేసిన అప్పగింత ఏపాటిది? బ్రేకు పనిలో ప్రమాదం రోడ్డు మీది సైకిల్ మనిషికి తప్పించి, దాన్ని కారు కింద ఉన్న పిల్లాడి మీదికి తోసినట్టే కదా.

ఈ మాట ఆ షెడ్డు యజమానితో అన్నాను. “మీరు రాకపోతే ఆడికి రోజు కూలి పోద్ది, తండ్రి మంచాన ఉన్నాడు, ఆ ఇంటికి మీరు బియ్యం పోస్తారా?” అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. కుర్రాడి తల్లితో మాట్లాడాను. బడికి పంపితే నెలకి ఇంత అని మా రిటైరైనవాళ్లం కొందరం వేసుకుంటున్నాం. అది వాడి కూలికి సమానం కాదు, వాడు వారంలో కొన్ని రోజులు ఇప్పటికీ షెడ్డుకి పోతున్నాడు. టైర్లలో గాలి కొట్టడం, కార్లు కడగడం చేయిస్తున్నానని యజమాని అంటున్నాడు. వెళ్లి చూసినప్పుడల్లా అలాగే కనబడుతోంది. చూడనప్పుడు ఏం జరుగుతోందో చెప్పలేను. అందుకే ఆ వైపు వెళ్లే పని లేకపోయినా వెళ్తున్నాను.